బాక్స్ రూమ్‌లో కనకాంబరం

2003 ఏప్రిల్ 12, శనివారం. ఉదయం ఏడు గంటలకు నాటింగ్‌హామ్‌లో పుష్పలీల ఇంటి బాక్స్ రూమ్‌లో, సామాన్లు పెట్టుకునే చిన్న గదిలో, కనకాంబరం మొక్క చిగురు వేసింది.

హనుమకొండ నుంచి ఆమె తెచ్చిన విత్తనాల్లో మొలిచినవి మూడు. ఒకటి 2000 చలికాలంలో పోయింది, రెండోది ఆ మరుసటి ఏడు. మిగిలింది ఇదొక్కటే. ఆమె చెయ్యి పెడితే మొక్క బతుకుతుందని పుట్టింటి వాడలో పేరు. ఆ పేరు ఇక్కడ రెండుసార్లు పోయింది.

భర్త విద్యాసాగర్ ముందువైపు తోట చూపించేవాడు. పక్కింటి డోరీన్ ఇచ్చిన గెరేనియం దుబ్బులు అక్కడున్నాయి.

"గవి చూడు లీలా. ఒక్కసారి నాటినం. మంచు పడ్డా, మనం మర్చిపోయినా ఏటేటా అవే వస్తున్నయి. అసొంటివే ఇంకో నాలుగు పెట్టుకుంటే అయిపాయె."

"మర్చిపోయినా వచ్చేదానికి నేనెందుకు మరి?"

కిందటి అక్టోబర్‌లో డోరీన్ టీకి వచ్చింది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ఊళ్లో ఫ్యూషియా పూలమొక్కలు పెంచడంలో ఆమె తర్వాతే ఎవరైనా. వంటింట్లో గది వేడి చేసే రేడియేటర్ పక్కనున్న కనకాంబరం కుండీలో వేలు గుచ్చి, ఆ వేలు వాసన చూసింది.

"నీళ్లెప్పుడు పోస్తావు?"

"రోజూ. స్నానం చేసి తులసికి పోశాక, చెంబులో మిగిలింది దీనికి."

"ముందు రెండూ చలికి పోలేదమ్మా. మునిగిపోయాయి. చలికాలం ఇది పడుకుంటుంది. పడుకున్నవాళ్లని లేపి తాగిస్తామా?"

పుష్పలీల రెండేళ్లూ ఆకులు వాలినప్పుడల్లా చలేసిందనుకుని, ఇంకో చెంబు పోసింది. అది కూడా గోరువెచ్చగా.

మర్నాడు తులసికి పోశాక చెయ్యి అలవాటుగా కనకాంబరం మీదికి వెళ్లింది. రెండు చుక్కలు పడ్డాక ఆగింది. ఆ పూటే కుండీని మేడ మీద బాక్స్ రూమ్ కిటికీలోకి మార్చింది. రెండో కణుపు దాకా వేలు పెట్టి, మట్టి పొడిగా ఉంటేనే అర టీకప్పు నీళ్లు. చెంబును ఆ గదిలోకి తేలేదు.

జనవరికి ఆకులన్నీ రాలాయి. విద్యాసాగర్ తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఇగ పారెయ్. కట్టె అయింది."

"అయిందో కాలేదో నాకెరుకే."

అప్పటికే ఆమె కొమ్మను గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

చిగురేసిన నాలుగు నెలలకు, ఆగస్టు 9న చర్చి హాల్లో తోటల సంఘం పూల పోటీ జరిగింది. ఆ వారమంతా ఎండలు. బల్లల మీద ఫ్యూషియాలు తలలు వేలాడేశాయి. కనకాంబరం పూల వెన్నులు నిటారుగా నిలబడ్డాయి.

"నావి స్పృహ తప్పాయి. నీది సెలవులకు వచ్చినట్టుంది" అంది డోరీన్.

విద్యాసాగర్ బల్ల పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకల్లా అది తమ ఇంటి మొక్కేనని చెబుతున్నాడు.

"కట్టె అన్నరు గదా?" అంది పుష్పలీల.

"ఎవరన్నరు?"

మూడున్నరకు న్యాయనిర్ణేత కుండీ ముందు మొదటి బహుమతి కార్డు పెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి పుష్పలీల పూలు కోసింది. అరవై రెండు. జానెడు మాల అయింది. సగం తను జడలో పెట్టుకుంది. మిగతా సగాన్ని డోరీన్ తన టోపీకి పిన్నుతో గుచ్చుకుని మర్నాడు చర్చికి వెళ్లింది.