రాజభవనానువాదకుడు

నిదాఘమధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములకు వేగి నగరవీథులన్నియు జనసంచారశూన్యములై వడగాడ్పులను నిట్టూర్పులుగా విడుచుచుండ రాజభవనప్రాంగణమున మాత్రము నీరు చిమ్ము గొట్టములు గిరగిర దిరుగుచు మరకతశ్యామలమైన పచ్చికబయలుపై శీతలజలకణములను వర్షించుచుండెను. ఆ ధవళసౌధస్తంభముల నీడలలో జరీతలపాగలు దాల్చిన బంట్రోతులు చిత్తరువులవలె నిలిచియుండిరి. ద్వారమునకు వెలుపల మండుటెండలో విన్నపములు చేతబట్టిన ప్రజలు బారులు దీరియుండిరి.

ఆ భవనమున ఆకొండి విశ్వపతి యనునాతడు ఇరువదిరెండేండ్లుగా ననువాదకుడు. వచ్చిన గవర్నరులలో నెవ్వరికిని తెలుగు రాదు గావున ప్రజల మాట వారికిని వారి మాట ప్రజలకును దెలుపుట యాతని కొలువు. వారి విసుగును వినయముగను వారి యలక్ష్యమును వాత్సల్యముగను మార్చి పలుకుటయం దాతని మించిన నేర్పరి లేడని పేరు వచ్చెను. ఆ పేరునకు పొంగిపోయిన దినములును గలవు.

నాటి గవర్నరు దేవకీచరణుడు స్వస్థలమున నెన్నికలలో నోడి ఢిల్లీ పెద్దల దయచే నీ పీఠమెక్కిన వృద్ధుడు. పలకరాతిగనులలో ధూళి పీల్చి ఊపిరితిత్తులు బిగిసి మరణించు కూలీల రక్షణకై శాసనసభ యొక బిల్లు నంగీకరించి యామోదమునకు బంపెను. గనుల యజమానులకు ఢిల్లీలో పలుకుబడి గలదు. "దానిని కదల్పవలదు" అని యచ్చటినుండి ఫోనులో వచ్చిన యొక్క మాటకు గట్టువడి గవర్నరు సంతకము చేయక సభకు ద్రిప్పి పంపక రాష్ట్రపతికిని నివేదింపక పదునొకండు మాసములు దానిని విశ్వపతి గదిలోని బీరువాలో నుంచెను.

ప్రజాదర్శనదినమగుటచే నాడు సుంకులమ్మ యను గనికూలి లోనికి వచ్చెను. గవర్నరు వెండిపళ్లెరమున చల్లని తాటిముంజెలు భుజించుచుండెను. ఆమె చేతులు జోడించి విశ్వపతితో నిట్లనియె.

"అయ్యా, నా మొగుడు పలకల గనిలో పంజేసి పంజేసి మంచాన పడినాడు. కొడుక్కి గూడా దగ్గు పట్టుకునింది. ఆ చట్టం మీద పెద్దసారు సంతకం పెట్టినాడా లేదా, అదొక్కటి కనుక్కో. పెట్టనంటే పెట్టనని రాసియ్యమను. మా దోవ మేం చూసుకుంటాం."

విశ్వపతి యా మాటలను దెలిపెను. గవర్నరు ముంజెనీరు గడ్డముపై గారుచుండ తన భాషలో బదులు పలికెను.

"కాళ్లు దులుపుకొని వచ్చినదా? తివాచీ క్రొత్తది. బిల్లు పరిశీలనలో నున్నదనియు వీరికై నిత్యము ప్రార్థించుచున్నాననియు జెప్పి పంపుము. ముందు ఫోటోగ్రాఫరును బిలిపింపుము."

'గవర్నరుగారు మీ దుఃఖమునకు మిగుల జింతిల్లుచున్నారు' అను వాక్యము విశ్వపతి నాలుకపై నప్పటికే సిద్ధమై నిలిచెను. ఎన్ని వందలమారులు పలికిన వాక్యమది! తా నుమిసినదానినే మరల మ్రింగవలసివచ్చినట్లు వానికి దోచెను. సుంకులమ్మ గవర్నరును జూచుటలేదు. విశ్వపతి పెదవులనే చూచుచుండెను.

"అమ్మా, సంతకము పెట్టలేదు. చదువనుకూడ లేదు. కాగితము నా గదిలోని బీరువాలో నున్నది. పెట్టవలదని పైవారు చెప్పినారు. ఇప్పుడీయన చింత యెల్ల మీ కాళ్ల దుమ్ము తివాచీ కంటుననియే."

ఆమె యడిగెను. "ఈ మాట బయట చెప్పొచ్చునా?"

"నా పేరు పెట్టియే చెప్పుము. ఆకొండి విశ్వపతి."

"ఏమనుచున్నది?" అని గవర్నరు చిరునవ్వుతో నడిగెను.

"సెలవు దీసికొనుచున్నది."

గవర్నరు దీవించుచు హస్తమెత్తెను. అంతలో వచ్చిన ఫోటోగ్రాఫరు దానిని ఫోటో దీసెను.

ద్వారమువద్ద విలేకరులకు సుంకులమ్మ యంతయు జెప్పెను. మరునాడు పత్రికలన్నియు నా మాటనే చాటెను. రాజభవనరహస్యమును వెల్లడించిన ద్రోహి యని విశ్వపతి కొలువునుండి తొలగింపబడెను. బిల్లును దాచుట కిక వీలులేక పునఃపరిశీలింపుడని గవర్నరు సభకు ద్రిప్పి పంపెను. సభ యొక యక్షరమును మార్పక మరల నంగీకరించి పంపగా గత్యంతరము లేక సంతకము చేసెను. ఆలోపుగా సుంకులమ్మ పెనిమిటి మరణించెను. కుమారుడు మాత్రము గనినుండి వెలువడి క్రొత్త చట్టముచే నేర్పడిన వైద్యశాలలో జేరి బ్రదికెను.

విశ్వపతి యా గనుల యూరికే పోయి కూలీలకు దరఖాస్తులు వ్రాసిపెట్టుచు గాలము బుచ్చుచుండెను. మాఘమాసమున శాసనసభ ప్రారంభమైన నాడు టీకొట్టులోని టీవీయెదుట నాతడును సుంకులమ్మయు గూర్చుండిరి. దేవకీచరణుడు వేదికనెక్కి కన్నీరు దొరలునట్లు గొంతు వణకించుచు బ్రసంగించెను. "గనికార్మికుల ప్రాణరక్షణకై నా ప్రభుత్వము సాహసోపేతమైన చట్టమును దెచ్చినది" అని క్రొత్త యనువాదకుని గొంతు తేనెలొలుక దెలుగున వినిపించెను. సభ్యులు బల్లలు చరచిరి.

"ఇట్లాంటివి ఇంతకు ముందు నువ్వే చెప్పేటోనివి గదయ్యా?" అని సుంకులమ్మ మెల్లగా నడిగెను.

"నేనే" అని విశ్వపతి లేచి కొట్టు ప్రక్కనున్న నీటితొట్టికడకు బోయి దోసిట నీరు ముంచి పుక్కిలించి యుమిసెను. ఇరువదిరెండేండ్ల పలుకు పుక్కిటినీటితో బోవునది కాదని యెరిగియు మరల ముంచుకొనెను.