దీపాలు పెట్టకముందు

కాశీబుగ్గ దాటాక ఆ వీధిలో పొద్దున్నే రెండు అరువులు నడుస్తాయి. ఒకటి పాలలోకి తోడు, రెండోది వేలికి గీతలు.

జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నున్నగా అయిపోతాయి. ఎంత బూడిద రాసుకున్నా పిక్కలోని జీడి రసం ఊరుకోదు, గీతలన్నీ తినేస్తుంది. బియ్యానికో పింఛనుకో మిషన్ మీద వేలు పెట్టాల్సిన రోజున గీతలున్నావిడ బొటనవేలికి తమ బొటనవేలు ఆనిస్తే అవి ఇటొచ్చేస్తాయి. మిషన్ వీళ్ళ పేరే చెబుతుంది. మా తోడు మీ పాలలో పడ్డాక అది మీ పెరుగే కదా! కాకపోతే ఇచ్చినావిడ దీపాలు పెట్టకముందే తిరిగిచ్చెయ్యాలి. పెట్టాక ఎవరి వేలిమీదుంటే వాళ్ళవైపోతాయి, ఇచ్చినావిడ దగ్గరికి మరి పోవు. చర్చికి పోయే ఇళ్ళలోనూ ఈ పట్టింపు ఉంది. మగవాళ్ళ గీతలు మొరటువి, ఆడవాళ్ళకి పట్టవు.

ఆ వీధి మొత్తానికి గీతలున్న ఆడమనిషి రత్నాలమ్మ ఒక్కతే. ఆవిడా ఒకప్పుడు పిక్కలు కొట్టినదే. కిడ్నీలు పాడై పని మానేశాక గీతలు మళ్ళీ మొలిచాయి. ఆ పాడు జబ్బు ఇచ్చిందల్లా అదొక్కటే.

ఆవిడ కూతురు నయోమి తెల్లారగట్ల పిక్కలు కొట్టి, చేతులు కడుక్కుని, అమ్మ గీతలు అడిగి పుచ్చుకుని టెక్కలి బస్సెక్కేది. అక్కడ ప్రభుత్వం డబ్బుతో నడిచే సెంటర్లో ఆసుపత్రి పని ఉచితంగా నేర్పుతున్నారు. పాసైతే ఉద్యోగం. వేలు పడితేనే హాజరు, హాజరుంటేనే సెంటరుకి డబ్బొస్తుంది. చిక్కేమిటంటే, డయాలసిస్‌కి రత్నాలమ్మా వేలు పెట్టాలి. అలాంటి రోజున నయోమి క్లాసు మానేది.

"రేపు పరీక్షమ్మా. రేపు వేలు పడకపోతే నీ పేరు తీసేస్తారు. నా చేతిలో లేదు," అన్నాడు ఒకరోజు సెంటర్లో ధర్మారావు మాస్టారు.

"రేపు మాయమ్మకి డయాలసిస్ సార్."

"ఇద్దరికీ ఒకే వేలంటే ఎలాగమ్మా," అని ఆయన తల దించుకున్నాడు.

బస్సులోనే నయోమి తేల్చేసుకుంది. చదువు పోతే పోయింది, పిక్కలెక్కడికి పోతాయి? అమ్మ ఉంటే చాలు. బస్సు దిగేసరికి కొబ్బరి తలల మీద ఇంకా ఎండ ఉంది. ఇంటి గుమ్మంలో మాత్రం దీపం వెలుగుతోంది.

"ఏటమ్మా, పొద్దుండగానే దీపం పెట్టీసినావు?"

"కళ్ళు మసకలేత్తన్నాయి. పొద్దుపోయిందనుకున్నాను."

నయోమి తల్లి చెయ్యి లాక్కుని బొటనవేలు ఆనించింది. గీతలు కదల్లేదు. మళ్ళీ నొక్కింది, ఏడుస్తూ నొక్కింది.

"దీపాలెట్టాక తోడు ఇత్తారేటే ఎవరైనా?" అంది రత్నాలమ్మ. "నానెన్నాళ్ళుంటాను? రేపు నీ పరీచ్చని నాకు తెల్దేటి? ఎల్లి రాయి. ఇంక పిక్క ముట్టుకోకు, నా గీతలు తినీగల్దు."

"కావాలనే పెట్టినావు."

"సల్లారిపోతాది, కూడు తిను."

తెల్లారి నయోమి అమ్మకి గీతల కోసం ఇంటింటికీ తిరిగింది. అన్నీ నున్నటి వేళ్ళే. ఆసుపత్రిలో మిషన్ రత్నాలమ్మని ఎరగనంది. కంటిని చూసి పేరు చెప్పే మిషన్ శ్రీకాకుళం నుంచి రావాలన్నారు, అంతదాకా ఆగమన్నారు. "బస్సెళ్ళిపోతాది, నడు," అని బెంచీ మీంచే కూతుర్ని తరిమింది రత్నాలమ్మ. నయోమి వెళ్ళి పరీక్ష రాసింది. ఎలా రాసిందో ఆ దేవుడికే తెలియాలి.

కంటి మిషన్ వచ్చింది. అప్పటికే రత్నాలమ్మ కన్ను మూసింది.

నయోమి పాసయింది. ఆ డయాలసిస్ వార్డులోనే పని ఇచ్చారు, వచ్చినవాళ్ళ చేత వేలు పెట్టించే బల్ల దగ్గర. ఒకనాడు వాళ్ళ వీధి కుసుమ వచ్చింది. ఆవిడకీ కిడ్నీలేనట.

"ఒలే నయోమీ, ఈ మిషన్ నన్నెరగనంతంది."

నయోమి లేచి ఆవిడ బొటనవేలికి తన బొటనవేలు ఆనించింది. మిషన్ కుసుమ పేరు చెప్పింది.

"దీపాలెట్టకముందే ఇచ్చీ పిన్నీ. అవి మాయమ్మవి."

అప్పట్నుంచీ రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. సాయంత్రం వార్డులో లైట్లన్నీ వెలిగినా నయోమి బల్ల దగ్గర చీకటిగానే ఉంటుంది. పుచ్చుకున్నావిడ మంచం దిగి, మెల్లగా నడిచొచ్చి వేలు ఆనిస్తుంది. అప్పుడు నయోమి లేచి స్విచ్ వేస్తుంది.