అరవై నాలుగు తర్వాత

పాము తోకను సన్నంగా లాగి, కుంచె పైకెత్తి, మట్టయ్య ఓరకంట గడియారం చూశాడు. రెండూ పది. ఇంకాసేపట్లో రామమోహనరావు లేస్తాడు. చేతిసంచి తీసుకుంటాడు. పది రోజులుగా ఇదే వరస.

అనుకున్నట్టే ఆయన లేచి, మట్టయ్యకు వీపు తిప్పి, అలమరలోంచి చుట్టిన పటం ఒకటి తీసి సంచిలో దూర్చాడు. అలా అటు తిరిగి నిలబడటంలోనే ఏదో దాపరికం ఉందనిపించింది మట్టయ్యకు.

"ఎక్కడికి సారూ, గీ ఎండల?"

"చిన్న పనుందయ్యా. ఇప్పుడే వచ్చేస్తాను."

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులోని ఆ ఒంటిగదే వాళ్లిద్దరి కార్ఖానా. మందపాటి గుడ్డ మీద వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులి-మేక పటాలు వేసి, గవ్వలు జతచేసి అమ్ముతారు. గుడ్డ కత్తిరించేదీ, గిరాకీ తెచ్చేదీ రామమోహనరావు. బొమ్మలు, గళ్లు, అంకెలు మట్టయ్యవి.

మట్టయ్య పద్దెనిమిదో ఏట నల్లగొండ పల్లె నుంచి వచ్చాడు. మలక్‌పేట మొదలు ఎల్బీనగర్ దాకా దుకాణాల బోర్డులు రాశాడు. చూపుడువేలి గోరుకింద ఎర్రరంగు అప్పటినుంచీ వదల్లేదు. పనిలో భాగస్వామి అంతయ్య ఒకసారి పెద్ద సినిమాహాలు పనిని చాటుగా తన ఒక్కడి పేరున ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఎవరు గొంతు తగ్గించి మాట్లాడినా మట్టయ్య చెవులు రిక్కిస్తాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయాక సైదాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. గేటు పక్క సుద్దతో పులి-మేక గీసుకుని ఒక్కడే ఆడుకుంటుంటే, రెండో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు రామమోహనరావు వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. మూడాటలు ఓడిపోయాడు. "ఈ చెయ్యి గేటు తియ్యడానికేనటయ్యా?" అన్నాడు లేస్తూ. కార్ఖానా అలా మొదలై నాలుగేళ్లయింది.

అటువంటి మనిషి ఇప్పుడు ఫోన్ మోగితే సందులోకి పోయి మాట్లాడుతున్నాడు. నిన్నయితే, టీ తాగి వస్తున్న మట్టయ్య కిటికీలోంచి కళ్లారా చూశాడు. పటం పరుచుకుని, గడి గడికీ వేలుపెట్టి చూసుకుంటున్నాడు. తన బొమ్మల్ని ఎవరి ప్రింటింగు మెషిన్ మీదికో దింపించడానికి కాకపోతే అంత పరీక్ష దేనికి?

కుంచె నీళ్లలో పడేసి, తలుపుకు తాళం వేసి, మట్టయ్య వెంటబడ్డాడు.

మెట్రోలో ఆయన ఎక్కిన పెట్టెకు వెనక పెట్టె ఎక్కాడు. ఎల్బీనగర్‌లో దిగి, జనంలో దూరంగా నడిచాడు. కాలనీలో ఒక అపార్ట్‌మెంటు. రామమోహనరావు మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, కింది మలుపులో గోడకు ఆనుకుని చెవి ఒగ్గాడు.

పైన తలుపు తెరుచుకుంది. "రండి మాస్టారూ. ఇదిగో మీ పటం," అంది ఒక ఆడగొంతు. "అరవై నాలుగు రెండుసార్లు ఉంది, అరవై అయిదు లేనే లేదు. పిల్లలు కొట్టుకు చచ్చారు."

"పొరపాటు నాదేనమ్మా ఇంద్రాణీ. అంకెలు నేనే వేశాను, కళ్లు సరిగా ఆనడం లేదు. ఇది చూసి తెచ్చాను, తీసుకోండి."

మట్టయ్య మలుపులోంచి బయటికి వచ్చాడు. మెట్లు దిగుతూ రామమోహనరావు అతన్ని చూసి ఆగిపోయాడు. మట్టయ్య చెయ్యి చాచి పటం అందుకుని, ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాడు. అరవై నాలుగు. మళ్లీ అరవై నాలుగు. తర్వాత అరవై ఆరు.

"ఎన్ని ఒచ్చినయ్ గిట్ల?"

"తొమ్మిది."

"నాకు చెప్పొద్దా సారూ?"

"చెబితే కుంచె కింద పెట్టేస్తావని." రామమోహనరావు పటం తీసుకుని మడత పెట్టబోయి, తలెత్తాడు. "నువ్వు నా వెనకాల వచ్చావా?"

"ఒచ్చిన."

"ఎందుకు?"

"మీరు నన్ను ముంచుతున్నరనుకున్న."

రామమోహనరావు గుడ్డను నాలుగు మడతలు వేసి, విప్పి, మళ్లీ వేశాడు. రైల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇంటికని మూసారాంబాగ్ దాకా పోయి దిగాల్సిన ఆయన, దిల్‌సుఖ్‌నగర్‌లో మట్టయ్య లేస్తుంటే, "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి పోదాం. పొద్దున్నే రా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండుననిపించింది మట్టయ్యకు. తలూపి దిగిపోయాడు.

గదికొచ్చి, పొద్దున మొదలుపెట్టిన పాముకు కన్ను పెట్టాడు. కుంచెలు కడిగి గుడ్డతో తుడిచాడు. అక్షరాలకు అచ్చులు కోయడానికని పెయింటర్లు దాచుకునే పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి అలమర కింది నుంచి లాగాడు. బ్లేడు పట్టుకుని, ఎడమచేతి వేళ్లతో అంచులు తడుముకుంటూ కోశాడు. రెండు గంటలు పట్టింది.

పక్కన కిరాణా కొట్టు అరుణమ్మకు తాళంచెవి ఇచ్చాడు.

"సారుకియ్యక్కా."

"రేపు నువ్వు రావా ఏంది?"

"రాను. కళ్ల సంగతి గాదు గని, సారు మొకం చూడలేను." కొంచెం ఆగి, "అచ్చు మీద రంగు తక్కువ అద్దమని జెప్పు. ఎక్కువైతే కారుతది," అని బడంగ్‌పేట్‌లోని ఇంటికి పోయే బస్సుకోసం మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.

గదిలో బల్ల మీద, ఎవరివో పక్కటెముకల మధ్య ఒకటి నుంచి తొమ్మిది దాకా, చివర సున్నా, నున్నగా కోసిన అంకెలు. కిటికీ రెక్క గాలికి కొట్టుకున్నప్పుడల్లా ఆ ఫిల్ము ఒక మూల లేచి, మళ్లీ బల్లను అంటుకుంటోంది.