అమ్మేసిన దూడ కల

మా ఆటకు నలుగురుండాలి. నాలుగో ఆమెకు బూసాన్ బదిలీ కావడంతో ఆ కుర్చీలో మా అమ్మను కూర్చోబెట్టాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. పేకాట అనుకుందేమో, కళ్ళజోడు, రెండు తియ్యదోసకాయలు, ఒక చాకు పట్టుకుని వచ్చింది.

ఆదివారం మా పిన్ని కూతురు హన్సోల్ లాండ్రీ షాపుకు సెలవు. మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల మీద దుప్పటి పరిచి అక్కడే ఆడతాం. నెత్తి మీద ఊరందరి కోట్లూ ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతుంటాయి. ఆట అంటే కథే. కథ నేను నడుపుతాను. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర కట్టుకుని, ఆ పాత్రకు కొన్ని మంత్రశక్తులు పెట్టుకుని అందులో తిరుగుతారు. రాక్షసుడి మీద కత్తి ఎత్తితే అది తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. వారమంతా డ్రైవింగ్ నేర్పిస్తూ, నా ప్రాణం ఇంకొకళ్ళ చేతుల్లో పెట్టి కూర్చునేదాన్ని. ఆదివారమైనా పగ్గాలు నా చేతిలో ఉండాలని నా ఆశ.

నా బల్ల దగ్గర ఒక సొంత చట్టం ఉంది. పాత్రకు పెట్టుకునే ప్రతి శక్తికీ ఒక వేరు ఉండాలి. అంటే ఆడే మనిషి బతుకులో నిజంగా జరిగిన సంగతి ఒకటి దానికింద చెప్పాలి. చెప్పకపోతే ఆ శక్తిని కొట్టేస్తాను. పోస్ట్‌మ్యాన్ మేంగ్ గారి యోధుణ్ణి ఏ జంతువూ కరవదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన్ను పదకొండు కుక్కలు కరిచాయి మరి. హన్సోల్ ఆడే దొంగపిల్ల నలుగురిలో ఉండగానే మాయమైపోతుంది. బడిలో హన్సోల్ మొదటి బెంచీలో కూర్చుని ఉండగా పంతులమ్మ రాలేదని రాసేసేది.

అమ్మను తేవడానికి మనుషులు చాలకపోవడం సాకు. అసలు సంగతి వేరే.

మా దగ్గర బిడ్డ కడుపున పడితే ఎవరో ఒకరికి కల రావాలి. తల్లికి రావచ్చు, నానమ్మకు రావచ్చు, ఏమీ కాని ఎదురింటావిడకైనా రావచ్చు. ఆ కల ఆ బిడ్డకు జన్మంతా గుర్తు. మా అన్నకు పులి వచ్చింది, కొండ దిగి మా గడప మీద కూర్చుందట. అక్కకు ఒడినిండా పండు తునికాయలు. హన్సోల్‌కు బంగారు రంగు ఆవుదూడ. వంటింట్లోకి నడిచొచ్చి అన్నం డేగిసా నాకిందని పిన్ని ప్రతి చూసక్ పండక్కీ చెప్పేది. మరి నాకు? ఎప్పుడడిగినా అమ్మ ఒకటే మాట. “నీకేం రాలేదే. వచ్చినా మర్చిపోయుంటాను.” రెండో తరగతిలో అందరూ తమ తమ కలలు చెప్తుంటే నేను తిమింగలం అని కోశాను. మా అన్న బయటపెట్టేశాడు. మూడో పిల్లను, అక్కర్లేని కాన్పును, నాకోసం కల కూడా ఎందుకు దండగ అనుకున్నారని ముప్పై ఏళ్ళుగా నా లోపల ఒక మంట. పోనీ మా అమ్మకు కలలు రావా అంటే, వీధిలో సగంమంది పిల్లలకు కల కన్నది ఆవిడే. అందుకే తెచ్చి కూర్చోబెట్టాను. నా చట్టంతోనైనా నోరు విప్పుతుందేమోనని.

“నీ పాత్ర పేరు?” అన్నాను కాగితం తీసి.

“కలల ముసలమ్మ.”

“శక్తులు మూడు. చెప్పు.”

“మూడేనా? కూరగాయల కొట్టువాడు నయం, ఉల్లికాడలు కొసరేస్తాడు.”

“అమ్మా.”

“సరేలే. మొదటిది నిద్రపుచ్చడం. నేను పెదవి కదిపితే ఎదుటివాడు గుర్రు పెట్టాలి.”

“వేరు?”

“పెళ్ళైన కొత్తలో మీ తాతకు నిద్ర పట్టేది కాదు. పేపరు చదివి వినిపించేదాన్ని. ఏనాడూ రెండో వార్త దాటలేదు.”

మేంగ్ గారు ముక్కుమీద కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయనకు కొలతలు లేనిదే తోచదు. “అమ్మా, అది ఎన్ని అడుగుల దూరం పనిచేస్తుందండీ?”

“వినపడినంత దూరం నాయనా. చెవిటి రాక్షసుడు వస్తే మాత్రం నీ కత్తే దిక్కు.”

ఇంత చక్కటి హద్దు నేను కూర్చుని ఆలోచించినా తట్టేది కాదు. రాసుకున్నాను.

“రెండోది, ఎవరింటికి ఎవరు రాబోతున్నారో ముందే కలలో చూడటం. దీనికి వేరు అడిగావంటే నవ్వుతారు.”

“నిజమే. మా పెద్దాడికి కల కన్నది అమ్మగారే,” అన్నారు మేంగ్ గారు. “ఎర్రజుట్టు కోడిపుంజు.”

“మరి మీవాడు తెల్లారే లేస్తాడా?” అంది హన్సోల్.

“పదకొండింటికి.”

“పుంజు కాస్త ముసలిదేలే. అప్పుడే అనుకున్నాను,” అంది అమ్మ దోసకాయ చెక్కు తీస్తూ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోస్ట్‌మ్యాన్ గారి కొడుక్కి పుంజట! కసిగా రాస్తే పెన్సిలు ముక్కు విరిగింది. “ఊరందరికీ కన్నావు. మూడో కాన్పుకు వచ్చేసరికి దుకాణం మూసేశావు,” అన్నాను.

అమ్మ చెక్కు తెగకుండా పొడుగ్గా తీస్తూ కూర్చుంది.

“మూడోది?”

“మూడోది అమ్మకం. నాకొచ్చిన మంచి కలను ఇంకొకళ్ళకు అమ్ముతాను. దాని బలమంతా కొన్నవాళ్ళకు పోతుంది. పడిపోయినవాళ్ళు లేచి కూర్చుంటారు.”

హన్సోల్ కుర్చీలోంచి లేచినంత పనిచేసింది. దాని దొంగపిల్ల పోయిన వారం నుంచీ గుహలో కొనఊపిరితో పడుంది. తప్పు నాది కాదు, పాచికలది.

“పుస్తకంలో ఇలాంటిది లేదు,” అన్నారు మేంగ్ గారు, పేజీలు తిప్పుతూ.

“పుస్తకం రాసినవాడికి మంచి కల వచ్చుండదు,” అంది అమ్మ.

“వేరు చెప్పు,” అన్నాను.

“ఒకసారి అమ్మాను.”

“ఎవరికి? ఏ కల?”

“నీకెందుకే అవన్నీ?”

“చట్టం. చెప్పకపోతే కొట్టేస్తాను.”

“కొట్టేసుకో. రెండు చాలు నాకు.”

“పెద్దమ్మా!” హన్సోల్ గోల పెట్టింది. “నువ్వు కొట్టేసుకో అంటే చచ్చేది నేను! పదహారేళ్ళు పెంచుకున్న దొంగపిల్ల. చెప్తే నీ సొమ్మేం పోతుంది? ఆ కాస్త ప్రాణం పొయ్యి.”

“నీకు ప్రాణం పోయడం నాకు కొత్తేం కాదులే,” అంది అమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

డ్రైవింగ్ నేర్పేవాళ్ళకు ఒక చెడ్డ అలవాటుంటుంది. తప్పు జరిగిన మరుక్షణం పసిగట్టేస్తాం. “ఏమన్నావ్?” అన్నాను.

“ఏమీ అనలేదు. దోసకాయ తినండి.”

“అమ్మా, ఏమన్నావ్?”

అమ్మ చాకు కింద పెట్టింది. హన్సోల్ వైపు తిరిగింది. “మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ అనలేదమ్మా. పోయి ఏడాదైంది కదా. ఇప్పుడు అనొచ్చో అనకూడదో నాకు తెలీదు,” అంది.

“అను పెద్దమ్మా. మా అమ్మ వచ్చి కొట్టదులే.”

“ఆ దూడ మా వంటింట్లోకి వచ్చిందే తల్లీ. మీ ఇంటికి కాదు. నా డేగిసానే నాకింది. తోలితే పోలేదు. నా ఒళ్ళో తలపెట్టి నిలబడింది. ఏప్రిల్ నెల మొదట్లో. లేచి, ఎవరికోసమా అనుకున్నాను. నాకప్పటికే ఇద్దరు. ఇక చాలనుకున్నదాన్ని, నాకే అని తోచలేదు. ఆ పొద్దునే మీ అమ్మ మూట పట్టుకుని దిగింది. ఎనిమిదేళ్ళైనా పిల్లల్లేరని అత్తింట్లో ఒకటే సతాయింపు. రెండ్రోజులై అన్నం తినలేదు. ‘నా దగ్గరో కల ఉంది, కొంటావా?’ అన్నాను. ఉత్తినే ఇస్తే కల చేయి మారదు, ఏదో ఒకటి పుచ్చుకోవాలి. కొత్త మేజోళ్ళ జత ఇస్తానంది. ఇచ్చింది. విప్పి చూద్దును కదా, ఒకసారి వేసుకున్నవే.”

“మా అమ్మే,” అంది హన్సోల్. నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళు. “అది కచ్చితంగా మా అమ్మే.”

నేను వేళ్ళు లెక్కపెడుతున్నాను. హన్సోల్ జనవరి. నేను అంతకు ముందు డిసెంబరు. ఏప్రిల్ మొదట్లో హన్సోల్ దాని అమ్మ కడుపున ఇంకా పడనే లేదు. మా అమ్మ కడుపులో ఉన్నది నేను. నాకు పదిహేను ఇరవై రోజులు.

“అంటే ఆ దూడ…” అన్నాను.

“నీదే. నువ్వున్నావని నాకేం తెలుసు? మే నెలాఖరుకు తెలిసింది. తెలిసిన రోజే మేజోళ్ళు కాగితంలో చుట్టుకుని బస్సెక్కాను, తిరిగిచ్చేసి నా కల నేను తెచ్చుకుందామని.” అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “గుమ్మంలోకి వెళ్ళేసరికి మీ పిన్ని కుళాయి దగ్గర కూర్చుని వాంతి చేసుకుంటోంది. నన్ను చూసి నోరు తుడుచుకుని నవ్వింది. ఎనిమిదేళ్ళలో అట్లా నవ్వగా నేను చూళ్ళేదు. ఏమడుగుతాను? చల్లగా బార్లీ నీళ్ళు తాగి వచ్చేశాను.”

“తర్వాతైనా నాకు చెప్పొచ్చుగా! ఎన్నిసార్లు అడిగాను?”

“అమ్మేసింది నాదంటే దొంగతనం కాదటే? పైగా నేను నోరు జారితే దూడ వెనక్కొచ్చేస్తే? ఇది పుట్టినప్పుడు అరచెయ్యంత ఉంది, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. నువ్వు రుబ్బురోలులా పుట్టావు. నీకు కలతో పనేముంది అనుకున్నాను. ఏడ్చావనుకో, వీధి చివరికి వినిపించేది.”

హన్సోల్ చెయ్యి చాపి నా మోచెయ్యి గిల్లింది. “అక్కా,” అంది. నెల పెద్దదాన్నన్న మాట అది ఒప్పుకోవడం అదే మొదలు. “దూడ నీదంటగా. తీసుకో. దాంతోపాటు నా మోకాళ్ళ నొప్పులూ, వదిలేసిన మొగుడూ కూడా తీసుకో. ఏమిస్తావ్?”

“వద్దు,” అన్నాను. నిజంగానే వద్దనిపించింది. అది హన్సోల్‌ను బతికించిన దూడ, దానిదే. కాని ముప్పై ఏళ్ళ మంట ఒక్కసారి చల్లారమంటే చల్లారుతుందా? మొండిగా అడిగాను. “దాన్ని అమ్మేశావు, సరే. మరి నాకోసం ఇంకోటి కనొచ్చు కదా?”

“కనలేదనా నీ ఉద్దేశం?” అమ్మకు కోపం వచ్చింది. “ఆర్నెల్లు! మధ్యాహ్నం అన్నాలవడం తరవాయి, నడుం వాల్చేదాన్ని, మరో కల రాకపోతుందా అని. మీ నానమ్మ వీధి వీధంతా టముకు వేసింది, మూడో కాన్పుకు కోడలికి మొద్దునిద్ర పట్టిందని. పడనీ అని పడుకున్నాను. ఒక్క మంచి కల వస్తే ఒట్టు! చెప్పులు పోయినట్టు, కూర మాడినట్టు, పక్కింటావిడ నా జడ కత్తిరించినట్టు. అవి నీకెట్లా చెప్పను? పులికీ తునికాయలకీ పక్కన మాడిన కూర పెట్టమంటావా?”

మేంగ్ గారు తల దించుకుని పాచికలు పేరుస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దూడ సంగతే మర్చిపోయాను. నాకోసమని ఆర్నెల్లు మాటలు పడుతూ పడుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మాడిన కూర నాది. ఆ పోయిన చెప్పులు నావి. ఇంకెవరికీ అమ్మలేదు, ఎవరూ కొనరు కూడా.

కాగితం మీద మూడో శక్తి పక్కన టిక్కు పెట్టాను. గుహలో దొంగపిల్ల లేచి కూర్చుందని ప్రకటించాను. హన్సోల్ చప్పట్లు కొట్టింది. మేంగ్ గారు పాచికలు తీసుకుని, “అయితే ఇప్పుడు నా వంతేనా?” అన్నారు.

“ఆగండి,” అన్నాను. “అమ్మా, అవన్నీ చెప్పు. ఒక్కోటీ.”

“ఆ పాడు కలల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారే!” అంది. అంటూనే మొదలుపెట్టింది. చెప్పుల కల, జడ కల, పెళ్ళిలో పాట మర్చిపోయిన కల. తొమ్మిది చెప్పింది, ఏది ఏ నెలలో వచ్చిందో కూడా చెప్పింది. దోసకాయ ముక్కలు అట్లాగే ఉన్నాయి. పదోది, బస్సు వెంట పరుగెత్తిన కల. చేతిలో సంచి, ఎదురుగాలి, బస్సు మలుపు తిరుగుతోంది.

“ఎక్కావా మరి?” అన్నాను.

“ఎక్కడ ఎక్కనిచ్చావే? లోపల్నుంచి ఒక్క తన్ను తన్నావు, మెలకువొచ్చేసింది.”