మోకాల్లోతు సముద్రం

మోకాల్లోతు నీరు. అందులో ఆకాశం.

నౌపడ ఉప్పుమళ్ళకు నీరందించే మడుగు అది. అలలుండవు. చప్పుడుండదు. ఉప్పు లాగే చెక్కపలకను నీళ్ళలో ఈడ్చుకుంటూ గున్నమ్మ రోజూ దాన్ని దాటి పనికి వెళుతుంది.

ఆ మడుగునే సినిమావాళ్ళు సముద్రం చేశారు.

కెమెరాకి కనబడకుండా గున్నమ్మను నిలబెట్టి, పలకతో నీళ్ళు ఊపమన్నారు. ఊపింది. ఇంకా, ఇంకా అన్నారు... ఊపింది. గొట్టాలతో వాన కురిపించారు. హీరో మోకాళ్ళ మీద కూలబడి మునిగాడు. లేచి, ముక్కు చీదుకుని, టీ తాగాడు.

గున్నమ్మకు నవ్వాగలేదు. సముద్రం ముందు ఈ మడుగు ఏ మూలకి?

సముద్రమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పెనిమిటి నూకయ్య గుజరాత్ వైపు చేపల వేటకెళ్ళాడు. బోటు తిరగబడింది. తోటివాళ్ళు తిరిగొచ్చారు. అతను రాలేదు... శవమూ రాలేదు.

"కర్మ జరిపించీద్దుం వదినా," అంటాడు మరిది తిరుమలరావు, అమావాస్య వచ్చినప్పుడల్లా.

ఆమె ఒప్పుకోదు. గాజులు తియ్యలేదు. ఏడవనూ లేదు. ఏడిస్తే — అతను పోయినట్టే.

సినిమా టెక్కలికి వచ్చింది. పొరుగింటి చిన్నతల్లి మాట్నీకి లాక్కెళ్ళింది.

"మన మడుగు సూద్దుం, రాయే."

దీపాలు ఆరాయి. తెర నిండా నీళ్ళు.

మడుగు ఎక్కడా లేదు. ఒడ్డు లేదు. నల్లటి వాన... అల వెనక అల. ఆ అలల నడుమ ఒక చెయ్యి లేచింది. మునిగింది. మళ్ళీ లేచింది.

ఆ అలలు తనవే. తన పలక లేపినవే. తెలుసు. అన్నీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె వింటుందా. ఆ చెయ్యి ఎవరిదో పోల్చుకుంది.

గున్నమ్మ లేచి నిలబడింది.

"లెగు మావా... మోకాల్లోతే. కాలు కిందెట్టు, సాలు."

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

చెయ్యి మళ్ళీ లేవలేదు.

గున్నమ్మ కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. చిన్నతల్లి ఆమె తలను భుజానికి ఆనించుకుంది.

"ఉత్తుత్తిదే కదే... నీకు తెల్దేటి?" అంది తిరుగు బస్సులో.

"తెలుసు. ఆ అలలు నానే కదేటి లేపినాను."

మర్నాడు తిరుమలరావు గట్టు మీదికొచ్చి మళ్ళీ అదే మాటన్నాడు. గున్నమ్మ వద్దనలేదు. సరేననలేదు. గాజుల చెయ్యి ఒకసారి చూసుకుంది.

మడుగులోకి దిగింది. ఇవాళ పలకను ఈడ్వలేదు, భుజానికెత్తుకుంది. చిన్న అలైనా లేపబుద్ధి కాలేదు. మెల్లగా... అడుగులో అడుగేసుకుంటూ...

మోకాల్లోతు నీరు. అందులో ఆకాశం — కదలకుండా.