కొమ్మ కట్టిన సైకిల్

మా తండా బడిలో ఏడో తరగతితో చదువు అయిపోతుంది. ఎనిమిదికి బూర్గంపాడు పోవాలి. నడుమ అడవి, రెండు గుట్టలు. బస్సు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క సైకిల్ మీద బాపు పొద్దున్నే కట్టెల మోపులు వేసుకుని అమ్మడానికి పోతాడు.

ఆ ఏడు మండలంలో ఆడపిల్లలకు సైకిల్ పోటీ పెట్టారు. మొదట వచ్చినవాళ్లకు కొత్త సైకిల్. గెలిస్తే బడికి పొమ్మన్నాడు బాపు, లేకపోతే సోమవారం నుంచి తనతో కట్టెలకు రమ్మన్నాడు. మా యాడి, అంటే అమ్మ, ఏదో అనబోయి, మళ్లీ పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. మాట్లాడవలసిన చోట నాకు ఎప్పుడూ గొంతు రాదు.

పోటీకి బాపు సైకిలే తీసుకున్నాను. బ్రేకులు ఎప్పుడో అరిగిపోయాయి. మోపులతో గుట్ట దిగేటప్పుడు మా తండావాళ్లు పచ్చికొమ్మ విరిచి, తాడుతో క్యారియర్‌కు కట్టుకుంటారు. కొమ్మ నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిల్ అదుపు తప్పదు. కిందికి వచ్చాక విప్పి పారేస్తారు. బాపు తన తాడు క్యారియర్‌కు చుట్టి ఇచ్చాడు.

"గోరీ, కొమ్మ కట్టకుండ దిగినవంటే సూడు మల్ల" అన్నాడు.

మా బడి దగ్గర జెండా ఊపారు. రెండు గుట్టలూ దాటి బూర్గంపాడు మైదానం దాకా పోటీ. రాత్రి కురిసిన వానకు దారి బురదగా ఉంది. మొదటి గుట్ట ఎక్కుడులో ఒక్కొక్కరే దిగి సైకిళ్లు తోసుకోవడం మొదలుపెట్టారు. నేను దిగలేదు. సెలవు రోజుల్లో మోపులు వేసి ఎక్కించిన కాళ్లు నావి. పైకి చేరేసరికి వెనక ఎవరూ కనబడలేదు. గెలుస్తాననే అనుకున్నాను.

అక్కడ ఆగి మోదుగ కొమ్మ విరిచి కట్టాను. మోపుకు వేసే ముడే వేశాను. లాగిన కొద్దీ బిగిసే ముడి అది. వేరే ముడి నాకు రాదు.

సగం దిగానో లేదో, పక్కనుంచి ఒక సైకిల్ గాలిలా పోయింది. జంపక్క. మా తండా అవతల కోయగూడెం పిల్ల. చెప్పులేని కాలు ముందు చక్రానికి ఒత్తిపట్టి దిగుతోంది. నేను కొమ్మతో, ఎద్దుబండిలా వెనక మిగిలాను.

కింద కొమ్మ విప్పబోతే ముడి రాలేదు. తాడు తడిసి రాయిలా బిగిసింది. బాపు అయితే కొడవలి మొనతో లాగుతాడు. నేను కొడవలి తెచ్చుకోలేదు. గోళ్లతో లాగాను, పళ్లతో కొరికాను. నోట్లో బురద, పీచు. కొమ్మ విరుద్దామంటే పచ్చిది, వంగిందే గాని విరగలేదు. అటు చూస్తే జంపక్క రెండో గుట్ట మలుపు తిరుగుతోంది.

అలాగే ఎక్కి తొక్కాను. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఉంది. పైటతో కళ్లు తుడుచుకుందామన్నా హ్యాండిల్ వదలలేను. సోమవారం, సోమవారం అని చెవుల్లో ఒకటే మోత. దిగి కూర్చుని ఏడుద్దామనిపించింది. దిగితే మళ్లీ ఎక్కలేనని దిగలేదు.

మైదానంలోకి పోయేసరికి జంపక్క మెడలో దండ ఉంది. నేను రెండోదాన్ని. మైకు పట్టుకున్నాయన, ఈ పిల్ల వంటచెరుకు గూడ తెచ్చుకుందన్నాడు. అందరూ నవ్వారు. నా చేతిలో ఒక స్టీలు గిన్నె పెట్టారు.

పొద్దున్నే నడిచి వచ్చేసిన బాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. నడుముకున్న కొడవలి తీసి ముడి దగ్గర కూర్చున్నాడు.

"కట్టుమన్నది నేనే గదా" అన్నాడు, ముడికి చెబుతున్నట్టు.

ఆ మాట విన్నాక ఇంక ఏడుపు కూడా రాలేదు. బాపు ముడి విప్పేస్తే ఇంటికి పోవడమే. ఆ తర్వాత కట్టెలే. కాళ్లు వాటంతటవే జంపక్క వైపు నడిచాయి. ఆ పిల్లతో నేను ఎన్నడూ మాట్లాడలేదు.

"బడికి మా తండా మీదికెంచే పోతవ్ గదా" అన్నాను. చేతిలో గిన్నెను అటూ ఇటూ మార్చాను. మళ్లీ అన్నాను. "నన్ను ఎనుక కూసోబెట్టుకుంటవా?"

జంపక్క నన్నూ, నా సైకిల్ వెనకున్న కొమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఎక్కుడు కాడ నువ్వే తొక్కాలె. గుట్ట మీదికి చెట్టునే గుంజుకొచ్చినవ్, నేనెంత."

నేను బాపు వైపు చూశాను. విన్నాడో లేదో తెలియదు. ముడి ఊడింది. కొమ్మను పక్కకు తోశాడు. తాడు దులిపి చేతికి చుట్టుకుంటూ లేచి వచ్చాడు. ఇంటికి పదమంటాడని గిన్నె చంకలో పెట్టుకున్నాను.

బాపు నా దగ్గర ఆగలేదు. జంపక్క కొత్త సైకిల్ దగ్గరకు పోయి, దాని క్యారియర్‌కు తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఇద్దరు కూసుంటే బరువైతది బిడ్డా. దిగుడు కాడ కొమ్మ కట్టుకోండ్రి" అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఇటు రా గోరీ. లాగంగనే ఊడే ముడి ఇంకోటున్నది. సూడు."