పెరటి గోడమీద మచ్చలు

మేస్త్రీ రంగుల పని మానేశాడు గానీ అతని చెయ్యి మానలేదు. ఎక్కడ గోడ కనిపించినా ముందు గోటితో గీకి చూడాల్సిందే. అలాంటివాడి పెరటి గోడకే బూడిదరంగు మచ్చలు పట్టాయి. పైగా వాటిని ముట్టుకోవద్దని కోడలు చెప్పింది.

కోడలిది పరిశోధనశాలలో ఉద్యోగం. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ మచ్చలమీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులు గీసి, ఎంత పెరిగాయో కొలుస్తోంది. ఏడాదంతా కలిపి గోరంచంత పెరిగితే గొప్ప. ఒకరోజు మామగారి చేతికి భూతద్దమిచ్చి ఓపిగ్గా వివరించింది. అది ఒక్క ప్రాణి కాదట, లైకెన్ అనే ఉమ్మడి కాపురమట. బూజుజాతిది ఇల్లు కట్టి, తడి పట్టి ఉంచి, మరీ ఎండ తగలకుండా చూస్తుంది. లోపల దాగిన నాచు వెలుతురుతో వంట చేసి ఇద్దరికీ పెడుతుంది.

"అయితే అత్తాకోడళ్ళన్నమాట," అన్నాడు మేస్త్రీ.

"వాళ్ళకంటే నయం మావయ్యా. విడిపోతే ఈ గోడమీద ఇద్దరికీ బతుకు లేదని వీటికి తెలుసు."

అతను నవ్వాడు గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. గోడల మధ్యే జుట్టు నెరిసిన తనకు నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల గోడ గురించి పాఠం చెప్పడమా?

కూతురి అత్తవారు మధ్యాహ్నం భోజనానికి వస్తారనగా, పొద్దున కోడలు పనికి వెళ్ళగానే మేస్త్రీ బ్లీచింగ్ కలిపి ఇనప బ్రష్షు పట్టాడు. మచ్చల చుట్టూ ఆమె పెట్టిన రంగు గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. కనిపిస్తున్నాయి కాబట్టే మరింత గట్టిగా తోమాడు. గోడ తళతళలాడింది. వియ్యంకుడు మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం కోడలు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది. గొడవ పడుతుందని మేస్త్రీ మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఇల్లు నాది, గోడ నాది, నా ఇష్టం. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్ళి పై అధికారికి ఫోన్ చేసింది. కొలవడానికి ఇక ఏమీ మిగల్లేదని, ఇన్నాళ్ళ పనీ పోయిందని, ఇంకో గోడ వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టాలని చెప్పింది. అవతలివాళ్ళు ఏదో గట్టిగా అడిగినట్టున్నారు, ఆమె గొంతు తగ్గింది.

"లేదండీ, మావయ్యకు తెలియదు. నేనే చెప్పలేదు. తప్పు నాదే."

గుమ్మం అవతల ఉన్న మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఫోన్ పెట్టేసిందని తెలిశాక లోపలికి వెళ్ళాడు.

"నువ్వు చెప్పావు కదమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "తెలిసే తోమాను."

"నాకు తెలుసు మావయ్యా. గుర్తులు పెట్టినచోటే ఎక్కువ తోమారు."

కోపంగా అని ఉంటే తలెత్తి నిలబడగలిగేవాడు. ఆమె మామూలుగానే కంచం కడిగి తెచ్చి, అన్నం వడ్డించి, చల్లారిపోతుంది తినమంది. సిగ్గుతో తల దించుకునే అతను కంచం ముందు కూర్చున్నాడు.